లావన్న మాటా, మానేసిన టిఫినూ

భారతీయులకు రోజుకు ఎంత శక్తి కావాలన్న లెక్కలను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించింది. ఎక్కువసేపు కూర్చుని పనిచేసే స్త్రీకి 1,660 కిలో కేలరీలు (వాడుకలో కేలరీలు అనేది వీటినే), పురుషుడికి 2,110 అని అందులో ఉంది. అదే పట్టికలో ఇంకాస్త కిందికి వెళితే 13–15 ఏళ్ల అమ్మాయికి 2,400, 16–18 ఏళ్ల అమ్మాయికి 2,500 అని కనిపిస్తుంది. ఆ వయసుల అబ్బాయిలకు 2,860, 3,320. ఇది ఓ మాదిరిగా ఆడుతూ తిరుగుతూ ఉండే పిల్లలకు వేసిన లెక్క. రోజంతా బెంచీ మీదే కూర్చుంటే కొంత తగ్గుతుంది. అంత మాత్రాన తొమ్మిదో తరగతి పిల్ల ఆకలీ, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే తల్లి ఆకలీ ఒకటైపోవు.

ఇళ్లలో మాత్రం ఇద్దరికీ ఒకే కొలత పెడుతున్నారు. షుగర్ వస్తుందేమోనని అమ్మ రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటే, "నువ్వూ తగ్గించవే, ఒళ్లు చేస్తున్నావ్" అంటూ కూతురి కంచంలోనూ అవే రెండు పడతాయి. లేదంటే పిల్లే ఎవరికీ చెప్పకుండా పొద్దున టిఫిన్ మానేస్తుంది. "ఆకలి లేదమ్మా, బస్సొచ్చేస్తుంది" అన్నది అందుకు బాగా పనికొచ్చే అబద్ధం. బరువు గురించి దిగులుపడే పిల్లలు మొదట చేసేది సాధారణంగా ఇదే. రోజు మొత్తం మీద వాళ్ల తిండి తగ్గదు, తినే వేళలు మారతాయంతే. పగలంతా కడుపు కాల్చుకుని, సాయంత్రం నుంచి ఆ బాకీ వడ్డీతో సహా తీరుస్తారు. బరువు దిగదు. దిగలేదన్న కోపం మళ్లీ తమ మీదకే మళ్లుతుంది. ఈ చిక్కుముడి కంచం దగ్గర బిగుసుకున్నట్టు కనిపిస్తుంది గానీ, చాలా ఇళ్లలో దీని మొదటి ముడి ఎవరో ఏదో అన్న మాట దగ్గర పడుతుంది.

పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య ఒంట్లో జరిగే పని చిన్నది కాదు. పెద్దయ్యాక ఉండబోయే బరువులో సుమారు సగం ఈ కాలంలోనే చేరుతుంది. అమ్మాయిల్లో ఈ ఉరవడి అబ్బాయిల కన్నా ఇంచుమించు రెండేళ్లు ముందొస్తుంది. తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. నెలసరి మొదలై, సక్రమంగా సాగడానికి ఆ కొవ్వు ఉండాలి. ఏడాదిలో ఐదారు కిలోలు పెరగడం ఈ వయసులో మామూలే. క్లాసులో అందరికన్నా ముందు ఎదిగిన పిల్లే ఎక్కువ ఇబ్బంది పడుతుంది. పక్క బెంచీ పిల్ల ఇంకా గౌనులో సన్నగా ఉంటుంది, తన యూనిఫామ్ టాప్ మాత్రం నిరుటిది చేతుల దగ్గర బిగుసుకుపోతుంది. రెండేళ్లు ఆగితే ఇద్దరూ ఒకలాగే ఉంటారని ఆరో తరగతిలో ఎవరూ చెప్పరు.

ఈ సంగతి పాత ఇళ్లకు తెలుసు. పిల్ల పెద్దమనిషి అయితే నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి పెట్టేవారు. ఇప్పటికీ పెడుతున్న ఇళ్లున్నాయి. ఇనుము, కాల్షియం అన్న పేర్లు తెలియకపోయినా ఎదిగే పిల్లకు పుష్టి కావాలని మాత్రం తెలుసు. తమాషా ఏమిటంటే, ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ ప్రింటయి రాకముందే అదే ఇంట్లో, అదే నోటితో, "ఫొటోల్లో లావుగా పడ్డావే, కాస్త తిండి తగ్గించు" అనేస్తారు. పదేళ్లు వచ్చేదాకా "బొద్దుగా, ముద్దుగా ఉంది, దిష్టి తీయండి" అని నెయ్యి వేసి ముద్దలు పెట్టి, పదమూడో ఏట హఠాత్తుగా మాట మార్చేస్తే పిల్ల దాన్ని ఆరోగ్య సలహాగా ఎందుకు తీసుకుంటుంది? నిన్నటిదాకా ముద్దొచ్చిన ఒళ్లు ఇవాళ తప్పయిందన్నదే ఆ పిల్లకు అర్థమవుతుంది.

అసలు లావా కాదా అన్నది తేల్చడం కూడా అద్దంలో చూసి చేసే పని కాదు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె బీఎంఐ. ఫోన్‌లో ఆ పేరు కొట్టి, ఎత్తూ బరువూ వేసి, 23 దాటితే అధిక బరువని భయపడుతుంటారు. 1830ల్లో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే జనాభాల సగటు మనిషిని అంచనా వేయడానికి వాడిన కొలత ఇది. 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. పెద్దల హద్దులు ఎదిగే పిల్లలకు పనికిరావు. బీఎంఐ 22 ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి మామూలు బరువులోనే ఉన్నట్టు, అదే 22 పదేళ్ల పిల్లకైతే ఎక్కువ. పిల్లలకు వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి వేరే పట్టికలున్నాయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లల కోసం తయారుచేసిన ఎదుగుదల చార్టులు పిల్లల డాక్టర్ల దగ్గర ఉంటాయి. అందులో కూడా ఒక్క చుక్కతో ఏదీ తేలదు. రెండు మూడేళ్ల చుక్కలు కలిపితే గీత ఎటు పోతోందో అప్పుడు తెలుస్తుంది.

మన పిల్లల్లో అసలు సమస్య ఎటువైపుందో కూడా చూడాలి. 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశం మొత్తం మీద 10–19 ఏళ్ల వాళ్లలో 24 శాతం మంది ఉండాల్సిన దానికన్నా సన్నగా ఉన్నారు. అధిక బరువు, ఊబకాయం కలిపి 5 శాతం. పట్నాల్లో, ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ రెండో అంకె ఎక్కువే, పెరుగుతోంది కూడా. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి, అబ్బాయిల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒళ్లు నిండుగా ఉన్నంత మాత్రాన రక్తం నిండుగా ఉన్నట్టు కాదు. 16–18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పూర్తిగా తింటేనే అందడం కష్టమైన మోతాదు అది. ఇందులోంచి టిఫిన్ ఒకటి తీసేస్తే ఏమవుతుంది? మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కునికిపాట్లు, రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు. జుట్టు రాలుతోందని షాంపూ మారుస్తారు, మానేసిన ఇడ్లీ సంగతి ఎవరికీ గుర్తురాదు.

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ చదివే ఒక డే స్కాలర్ అమ్మాయి రోజును కాస్త దగ్గరగా చూస్తే ఇదంతా ఎక్కడ తేడా కొడుతోందో కనిపిస్తుంది. ఆరున్నరకు బస్సు. గ్లాసు పాలు సగం తాగి పరుగు. డబ్బా అమ్మ ఐదున్నరకే కట్టేసింది. పెద్ద గిన్నెలో అన్నం అదిమి పెట్టి, దాని మీద చిన్న గిన్నెలో బంగాళదుంప వేపుడు, మూత కింద ఆవకాయ ముక్క. ఒంటిగంటకు తెరిచేసరికి అన్నం గడ్డకట్టి ఉంటుంది, వేపుడు నూనె కక్కి ఉంటుంది. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేస్తుంది. ఫ్రెండ్స్ కూడా అంతే తింటారు, వాళ్లకన్నా ఎక్కువ తింటే బాగోదు. రాత్రి తొమ్మిదిన్నరకు తిన్న అన్నానికీ ఈ నాలుగు ముద్దలకీ మధ్య పదిహేను గంటలు గడిచాయి. మధ్యలో కడుపులో పడింది సగం గ్లాసు పాలు.

సాయంత్రం ఐదున్నరకు గేటు బయట బేకరీ అద్దాల పెట్టె. ఎగ్ పఫ్, పక్కన బజ్జీల బండి, కాస్త అవతల నూడుల్స్ పెనం. నిన్న రాత్రి నుంచీ సరిగా తినని మనిషికి అప్పుడు జామకాయ కనిపించదు. ఆకలి ముదిరినప్పుడు మెదడు త్వరగా శక్తినిచ్చేవాటినే, అంటే తీపినీ నూనెనీ మైదానీ వెతుక్కుంటుంది. ఒక పఫ్, ఒక కూల్‌డ్రింక్. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో సుమారు 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. రోజంతటికీ అదనపు చక్కెర అంతకు మించకపోతే మంచిదని పోషకాహార నిపుణులు చెప్పే హద్దు ఆ ఒక్క సీసాతో అయిపోతుంది. ఇంటికొచ్చి స్నానం, చదువు, తొమ్మిదిన్నరకు భోజనం. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదన్న లెక్క మనసులో ఉంటుంది కాబట్టి రెండోసారీ వడ్డించుకుంటుంది. పడుకునే ముందు పొట్ట తడుముకుని, రేపు టిఫిన్ మానేయాలని నిర్ణయించుకుంటుంది. మర్నాడు మళ్లీ అదే.

ఇందులో ఆ పిల్ల తిండిపోతుతనం ఏమీ లేదు. అలాంటి రోజు గడిపితే ఎవరైనా అలాగే తింటారు. బడి క్యాంటీన్లలో కొవ్వూ చక్కెరా ఉప్పూ ఎక్కువున్నవి అమ్మకూడదని, గేటు నుంచి 50 మీటర్ల లోపు వాటిని అమ్మనివ్వకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలున్నాయి. నిబంధన కాగితం మీద ఉంది, పఫ్స్ పెట్టె గేటు బయటే ఉంది. ఇంకో విడ్డూరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, వేరుసెనగ చిక్కీ, రాగి జావ పెడుతున్నారు. లక్షల్లో ఫీజు కట్టించుకునే చోట చదివే పిల్లలు చల్లారిన డబ్బాతో, పఫ్‌తో గడిపేస్తున్నారు.

ఆకలిని అణిచిపెడితే మనసుకు ఏమవుతుందో తేల్చిన ప్రయోగం కూడా, బీఎంఐకి పేరు పెట్టిన ఆ ఆన్సెల్ కీస్ చేసినదే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీలే పెట్టారు. వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు పడిపోయింది. అది ఊహించిందే. ఊహించనిది వాళ్ల ప్రవర్తన. పొద్దస్తమానం తిండి ఆలోచనలే. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, కంచాలు నాకారు, దిగులుపడ్డారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. మళ్లీ తినవచ్చని చెప్పాక కొందరు ఆపుకోలేక తిన్నారు, ఎంత తిన్నా తృప్తి లేదన్నారు. మానసికంగా గట్టివాళ్లని ఏరి తెచ్చిన యువకుల పరిస్థితి అది. రీల్స్‌లో చూసి "రోజుకు వెయ్యి కేలరీల" డైట్ పట్టిన పదిహేనేళ్ల పిల్ల చిరచిరలాడుతుంటే, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తీస్తే, దానికి క్రమశిక్షణ లేదని తిట్టడం అన్యాయం.

మిన్నెసోటాలోనే చాలా ఏళ్ల తర్వాత డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం వేల మంది టీనేజీ పిల్లలను ఐదేళ్లపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. డైటింగ్ చేసినవాళ్లు చేయనివాళ్ల కన్నా ఎక్కువ బరువు పెరిగారు. వాళ్లలో అతిగా తినడం, కావాలని వాంతి చేసుకోవడం లాంటి అలవాట్లూ ఎక్కువ కనిపించాయి. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ డాక్టర్లకు ఇచ్చిన సూచనల్లో ఇదంతా లెక్కలోకి తీసుకుంది. ఊబకాయాన్నీ తిండి రుగ్మతలనూ రెంటినీ దూరం పెట్టాలంటే డైటింగ్‌నూ పూట మానేయడాన్నీ ప్రోత్సహించవద్దు, ఇంట్లో కలిసి భోజనం చేయండి, బరువు గురించి మాట్లాడటం ఆపండి అన్నది దాని సారాంశం.

ఆ చివరిది మన ఇళ్లలో అన్నిటికన్నా కష్టం. పెళ్లిలో కనిపించిన ప్రతి పిన్నీ, ప్రతి అత్తయ్యా పలకరింపుగా అనేది ఒళ్లు గురించే. "ఏమే, బాగా లావయ్యావ్!" లేదా "ఏంట్రా, ఇలా చిక్కిపోయావ్, అమ్మ తిండి పెట్టట్లేదా?" అన్నవాళ్లకు అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. కుశలప్రశ్న అంతే. విన్న పిల్ల మాత్రం ఆ పెళ్లి విందులో అప్పడం కూడా ముట్టదు. క్లాసులో డ్రమ్ము, బొండాం, పీపా అని పేర్లు. ట్యూషన్ మాస్టారు కూడా నవ్వుతూ అదే పేరుతో పిలుస్తాడు. ఎవరైనా బాధపడితే "జోక్‌గా అన్నాంలే" అంటారు.

ఆ జోకు ఖరీదెంతో కొంతవరకు లెక్క తేలింది. అమెరికాలో రెండు వేలకు పైగా అమ్మాయిలను పదేళ్ల వయసు నుంచి గమనించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. పదేళ్లప్పుడు ఇంట్లోవాళ్లో స్నేహితులో టీచరో "నువ్వు లావు" అన్న పిల్లలు పంతొమ్మిదేళ్లకు ఊబకాయంతో ఉండే అవకాశం, అనిపించుకోనివాళ్ల కన్నా ఎక్కువగా ఉంది. మొదట్లో వాళ్ల అసలు బరువెంత అన్నది లెక్కలోంచి తీసేసి చూసినా ఆ తేడా అలాగే ఉంది. అనిపించుకున్నవాళ్లు ఎందుకు పెరుగుతారు? అవమానపడ్డ మనసు తిండిలో ఉపశమనం వెతుక్కుంటుంది. తిన్నది దాచుకోవాల్సి వస్తుంది. పీటీ పీరియడ్‌లో పరిగెత్తితే నవ్వుతారని కడుపునొప్పి అని చెప్పి కూర్చుంటారు. తగ్గాలని అన్న మాటే తగ్గే దారులన్నీ మూసేస్తుంది.

అబ్బాయిల సంగతి ఎవరూ పట్టించుకోరు. వాళ్ల దిగులు ఎక్కువసార్లు రెండో వైపు నుంచి వస్తుంది: బక్కోడు, పుల్ల, ఎముకల గూడు. పదహారేళ్లకే జిమ్‌లో చేరి, ట్రైనర్ చెప్పిన డబ్బా పొడి నెలకు రెండు మూడు వేలు పోసి కొని తాగుతారు. గుడ్డులో పచ్చసొన పారేస్తారు. గుడ్డులోని ప్రోటీన్‌లో నలభై శాతం పైగా, విటమిన్లలో చాలావరకు ఆ పచ్చసొనలోనే ఉన్నాయని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. 16–18 ఏళ్ల అబ్బాయికి రోజుకు కావాల్సిన ప్రోటీన్ 55 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, సెనగలు, వారంలో ఒకటి రెండుసార్లు చికెనో చేపో ఉన్న ఇంట్లో అది దొరకనిదేమీ కాదు. కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో నేరుగానే చెప్పింది.

ఇక ఫోన్. తెర మీది బొమ్మలు ఒళ్లు గురించిన ఆలోచనను ఎంత త్వరగా మారుస్తాయో ఫిజీ దీవుల్లో కనిపించింది. బొద్దుగా ఉండటమే అందమూ ఆరోగ్యమూ అనుకునే ఆ సమాజంలో నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పుడు అక్కడి బడి పిల్లల్లో బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ మళ్లీ అడిగితే 11 శాతం మంది అమ్మాయిలు అవునన్నారు. ఒకే ఒక్క టీవీ ఛానల్‌కే అంత. ఇప్పుడు ప్రతి చేతిలోనూ తెర, అందులో ఫిల్టర్లు. ఇన్‌స్టాగ్రామ్ సంస్థ సొంతంగా చేయించుకుని 2021లో బయటపడిన పరిశోధనలో, తమ ఒంటి గురించి బాధపడుతున్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందని 32 శాతం మంది టీనేజీ అమ్మాయిలు చెప్పారు. మన దగ్గర దీనికి "వారంలో ఐదు కిలోలు" రీల్సూ, జీలకర్ర నీళ్లూ, "మా డ్రింక్ తాగండి" అనే వాట్సాప్ ఆంటీలూ తోడు.

కొన్ని గుర్తులు మాత్రం మాటలతో దాటవేయకూడనివి. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారితే ఇళ్లలో మురికి అనుకుంటారు. సెనగపిండి, నిమ్మచెక్క పెట్టి రుద్ది రుద్ది మంట పుట్టిస్తారు. స్నానం చేయదని తిడతారు. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి చర్మం మీద కనిపించే గుర్తు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే పరీక్ష చేయించాలి. రెండోది "పీసీఓడీ", అంటే హార్మోన్ల తేడాతో అండాశయాల్లో నీటి బుడగలు కనిపించే, నెలసరి తప్పే జబ్బు. నెలసరి రెండు నెలలు తప్పగానే స్కానింగ్ తీయించి, నీటి బుడగలున్నాయని పదిహేనేళ్ల పిల్లకు పేరు పెట్టేస్తున్నారు. నెలసరి మొదలైన తొలి ఏడాది అటూ ఇటూ కావడం సహజం. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్ ఆధారంగా ఆ జబ్బును నిర్ధారించకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూడోది థైరాయిడ్. బరువు పెరిగితే మొదట దాని మీదే పడతారు. థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల్లో సాధారణంగా ఎత్తు ఎదుగుదల కూడా మందగిస్తుంది. పిల్ల చక్కగా పొడుగవుతుంటే కారణం అది కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

బరువు నిజంగానే ఎక్కువున్న పిల్లలకు కూడా డాక్టర్లు చాలాసార్లు పెట్టే లక్ష్యం కిలోలు దించడం కాదు, కొన్నాళ్లు ఉన్నచోట నిలపడం. ఎత్తు ఇంకా పెరుగుతోంది కాబట్టి బరువు ఆగితే చాలు, ఏడాదిలో లెక్క దానంతటదే సర్దుకుంటుంది. దీనికి ఆకలితో మాడాల్సిన పనిలేదు. పైన చెప్పిన రోజును సరిచేస్తే చాలావరకు అయిపోతుంది.

పొద్దున్న తినడంతో మొదలు. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా ఏదైనా సరే, దానితో ఒక ఉడికించిన గుడ్డో గుప్పెడు వేయించిన పల్లీలో ఉంటే పదకొండింటికి కళ్లు తిరగవు. బస్సు టైమ్ కుదరకపోతే రెండు ఇడ్లీలకు కారప్పొడీ నూనే రాసి డబ్బాలో పెడితే బస్సులో తినేస్తారు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తగ్గించి మాడ్చనక్కర్లేదు, కొలతలు తిప్పితే చాలు. పెద్ద గిన్నెలో పప్పో కూరో, చిన్న గిన్నెలో అన్నం. జాతీయ పోషకాహార సంస్థ చూపించే కంచంలో సగం కూరగాయలూ పండ్లే. మన కంచంలో ముప్పాతిక వంతు తెల్లన్నం, కూర పక్కన అంటుకున్నట్టు ఉంటుంది. గోంగూర, తోటకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే అది అడ్డం పడుతుంది. రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే సన్నబడతారన్నది మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలు ఒక కప్పు అన్నం కన్నా తక్కువేమీ కావు. ఎవరికి ఏది నచ్చితే అది తినడం మేలు.

సాయంత్రం ఆకలే అసలు కీలకం. బ్యాగులో ఏదో ఒకటి ఉండాలి: జామకాయ, ఉడకబెట్టిన సెనగలు, వేరుసెనగ చిక్కీ, అరటిపండు. పఫ్ ఎప్పటికీ తినకూడదని ఆజ్ఞ వేయడం తెలివితక్కువ. నిషేధించినదాని మీదే మనసు లాగుతుంది, తిన్నరోజు నేరం చేసినట్టుంటుంది. ఫ్రెండ్స్‌తో వారానికి ఒకరోజు తింటే ఏమీ కాదు. ఇవన్నీ ఒక్క పిల్లకే పెడితే మాత్రం పని చేయవు. ఆమెకు మొలకలు, తమ్ముడికి బూందీ మిక్చర్ అంటే అది శిక్షే అవుతుంది. ఇంట్లోకి వచ్చే సరుకు మారాలి, అందరి కంచమూ మారాలి. దానికి ఆ పిల్ల బరువును కారణంగా చెప్పాల్సిన అవసరం లేదు.

నిద్ర గురించి ఒక్క మాట. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, చాలు అనిపించేది తగ్గుతుంది. ఐదింటికి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు నడిపే హాస్టళ్లు పిల్లల బరువు గురించి లెక్చర్లు ఇవ్వడం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆట స్థలమే లేని చోట రోజుకు గంట ఆడాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా సంగతి చెప్పక్కర్లేదు.

మనసు సంగతికొస్తే, పిల్ల "నేను లావుగా ఉన్నానా?" అని అడిగినప్పుడు పెద్దలు వెంటనే "ఛ, నువ్వేం లావు లేవు" అంటారు. ఓదార్పుగానే అంటారు. లావుగా ఉండటం నిజంగానే ఘోరమని, అదృష్టం కొద్దీ నువ్వింకా అందులో పడలేదని పిల్లకు వినిపిస్తుంది. "ఎవరన్నారు? ఎప్పుడన్నారు?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. పిన్ని ఆ మాట అన్నప్పుడు పిల్ల ఎదురుగానే అమ్మ "ఒళ్లు గురించి వద్దు పిన్నీ, పిల్ల చదువు అడుగు, పాట అడుగు" అంటే, తర్వాత ఇచ్చే వంద ధైర్యవచనాల కన్నా అది బలంగా పనిచేస్తుంది. అమ్మలు అద్దం ముందు తమ పొట్టను తామే తిట్టుకోవడం కూడా పిల్లలు వింటూనే ఉంటారు.

బట్టలు ఇప్పటి ఒంటికి సరిపోయేవి కొనాలి. "తగ్గాక వేసుకుంటావులే" అని కొన్న బిగుతు డ్రెస్ బీరువాలో వేలాడుతూ రోజూ వెక్కిరిస్తుంది. బరువు తూచే మెషీన్ పిల్లల గదిలో ఉండనక్కర్లేదు. ఉప్పు, నీళ్లు, నెలసరి రోజులను బట్టి బరువు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగిసలాట చూసి ఒకరోజు సంతోషం, ఒకరోజు ఏడుపు అనవసరం. ఎవరూ చూడని చోట మొదలయ్యే కదలిక కొందరికి నప్పుతుంది: మేడ మీద స్కిప్పింగ్, పొద్దున్నే సైకిల్, కాలనీలో షటిల్, బతుకమ్మ రోజుల్లో ఆట. బరువుతో సంబంధం లేకుండా పిల్లకు చేతనైన పని ఒకటి, చిత్రలేఖనమో లెక్కలో కబడ్డీయో, నలుగురిలో గుర్తింపు తెచ్చేది ఉంటే, అద్దం చెప్పే మాటకు అంత విలువ ఉండదు.

కొన్నిసార్లు ఇదంతా సరిపోదు. తినగానే బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు ఉండటం, తిండి దాచడం, అందరితో కలిసి తినడానికి వంకలు వెతకడం, గబగబా బరువు తగ్గడం, మూడు నెలలు నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడటం, జ్వరమొచ్చినా వ్యాయామం మానకపోవడం, ఎండలోనూ వదులు స్వెట్టర్ తీయకపోవడం. వీటిలో ఏ రెండు కనిపించినా డైటింగ్ పిచ్చి అని కొట్టిపారేయకూడదు. తిండి రుగ్మత ఉన్న మనిషి బక్కచిక్కి ఉండాల్సిన పనిలేదు. బొద్దుగా ఉన్న పిల్ల నెలలో ఎనిమిది కిలోలు తగ్గితే చుట్టుపక్కలవాళ్లు అభినందిస్తారు కాబట్టి అలాంటివాళ్లే ఎక్కువగా కంటపడకుండా పోతారు. మొదట వెళ్లాల్సింది పిల్లల డాక్టర్ దగ్గరికి. పద్దెనిమిదేళ్ల దాకా వాళ్లే చూస్తారు. బరువు అంకెను పిల్ల ముందు గట్టిగా చదవవద్దని ముందే చెప్పుకోవచ్చు. డాక్టర్‌తో పిల్ల కాసేపు ఒంటరిగా మాట్లాడేలా బయట కూర్చోవడం కూడా తల్లిదండ్రుల పనే. మానసిక వైద్యుడి దాకా వెళ్లడానికి ఇంట్లో టెన్షన్ పడుతుంటే, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, పిల్లలు తామే చేయవచ్చు.